సిలువ, విమోచన, దేవుని ప్రేమ: శ్రమకాల కూటాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం పట్టణంలోను, టెక్కలి, పాతపట్నం వైపు పల్లెల్లోను, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై దినాలు ఇంటింటా జరిగే ప్రార్థన కూటాలకు కొన్నేళ్లుగా వెళ్తున్నాను. వాక్యం ముగిసి, టీ గ్లాసులు చేతులు మారుతున్నప్పుడు అసలు ప్రశ్నలు బయటికి వస్తాయి. అయ్యగారిని (పాస్టరును) అడగడానికి మొహమాటపడినవారు నా వంటి సంఘ పెద్దను అడుగుతారు. అలా మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

విమోచన అంటే ఏమిటి? ప్రసంగాల్లో ఎంత విన్నా ఆ మాట మనసుకు అందడం లేదు.

బైబిలు మాటను కాసేపు పక్కన పెట్టి మన వాడుకను చూద్దాం. మన జిల్లాల్లో విడిపించడం అనే మాట ఎక్కువగా వినిపించేది తాకట్టు బంగారం దగ్గరే. ఒక ఏడు ఉభాల (వరి నాట్ల) పెట్టుబడికి మా అప్ప (అక్క) తన చెవి దిద్దులను బ్యాంకులో కుదువ పెట్టింది. పంట దెబ్బతింది, వడ్డీ పెరిగింది, వేలం నోటీసు ఇంటికి వచ్చింది. చివరకు చెన్నైలో కట్టడం పనికి వెళ్లిన మా చిన్న తమ్ముడు డబ్బు పంపితే, దిద్దులు విడిపించడానికి అప్పతో నేనూ వెళ్లాను. గుమాస్తా లోపలి నుంచి చిన్న కవరు తెచ్చి, మా కళ్లెదుటే సీలు కోసి, దిద్దులను త్రాసులో వేసి, రసీదులోని బరువుతో సరిచూసుకొని అప్ప చేతిలో పెట్టాడు. అప్ప వాటిని సంచిలో వేసుకోలేదు. ఆ కౌంటరు దగ్గరే, వరుసలో వెనక ఉన్నవాళ్లు చూస్తుండగా, చెవుల్లోని వేప పుల్లలు తీసి దిద్దులు పెట్టుకుంది.

ఆ రోజు నాకు రెండు సంగతులు తెలిశాయి. తాకట్టులో ఉన్నన్నాళ్లూ ఆ దిద్దులు అప్పవే, బ్యాంకువి అయిపోలేదు. అయితే తమంతట తాము ఆ కవరు చించుకొని ఆమె చెవులకు చేరే దారి వాటికి లేదు. మనిషి గురించి లేఖనం చెప్పేది ఇదే. పాపంలో పడినంత మాత్రాన మనిషి దేవునివాడు కాకుండా పోలేదు, కానీ వెల చెల్లిస్తే తప్ప తిరిగి రాలేని చోట ఉన్నాడు. ఆ వెలనే మార్కు సువార్త 10వ అధ్యాయంలో ప్రభువు 'విమోచన క్రయధనము' అన్నాడు.

రెండో సంగతి, డబ్బు తెచ్చినది తమ్ముడు. ఇది యాదృచ్ఛికంగా చెబుతున్న మాట కాదు. లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం బీదతనం వల్ల ఒకడు తన పొలాన్ని అమ్ముకున్నా, చివరకు తననే అమ్ముకున్నా, విడిపించే హక్కు అతని సమీప బంధువుది. హెబ్రీ భాషలో ఆ బంధువును 'గోయెల్' అంటారు. రూతు గ్రంథంలో బేత్లెహేము గవిని దగ్గర బోయజు చేసిన పని అదే. అతనికంటే దగ్గరి బంధువు మరొకడు ఉన్నాడు. తన స్వాస్థ్యం పాడవుతుందని అతను వెనక్కి తగ్గాడు. విడిపించేవాడికి నష్టం తప్పదని ఆ పేరు లేని మనిషికి బాగా తెలుసు. ప్రసంగాల్లో అతణ్ణి దాదాపు వదిలేస్తారు గానీ, బోయజు విలువ తెలియాలంటే అతణ్ణి చూడాలి.

మన భాషలో 'అయినవాడు' అనే చక్కని మాట ఉంది. కష్టంలో ఎవరైనా సానుభూతి చూపుతారు, అయినవాడు చేయి వేస్తాడు. దేవుడు రక్తమాంసాలు ధరించి మనకు అయినవాడు అయ్యాడనీ, మనలను సహోదరులని పిలవడానికి సిగ్గుపడలేదనీ హెబ్రీ పత్రిక 2వ అధ్యాయం చెబుతుంది. క్రిస్మసు లేకుండా సిలువ ఎందుకు అర్థం కాదో ఇక్కడ తెలుస్తుంది: బంధువు కానివాడికి విడిపించే హక్కు లేదు.

మంచి పనులు చేసి మనలను మనమే విడిపించుకోలేమా?

గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన మన ప్రాంతపు మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ దళాలకు చిక్కిన సంగతి ఈ జిల్లాలో అందరికీ గుర్తుంది. సముద్రం మీద గీత కనిపించదు; దాటామని తెలిసేసరికి పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికి వచ్చారు. కరాచీ జైల్లో ఎంత క్రమశిక్షణతో ఉన్నా, ఎంత మంచివారైనా, ఆ మంచితనం తలుపు తాళం తీయదు. బయటివారు పూనుకోవాలి, ఆ తలుపు బయటి నుంచే తెరుచుకోవాలి. మంచి పనులు వ్యర్థమని దీని అర్థం కాదు. అవి తాళపు చెవి కావని మాత్రమే. ఈ పోలిక ఇంతవరకే పనికొస్తుందని కూడా చెప్పాలి: వారి కోసం మాట్లాడినవారు చాలామంది ఉన్నారు, వారికి బదులుగా ఆ గదిలోకి వెళ్లినవారు లేరు.

దేవుడు ప్రేమ గలవాడైతే ఊరికే క్షమించవచ్చు కదా, సిలువ ఎందుకు?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అడిగేవారిలో ఎక్కువమంది చదువుకుంటున్న పిల్లలు.

'ఊరికే' క్షమించడం అనేది నిజంగా ఎక్కడైనా ఉందేమో ముందు ఆలోచించండి. మీ దగ్గర ఒకరు యాభై వేలు అప్పు తీసుకొని ఇవ్వలేకపోయారు. మీరు నోటు చించేశారు. అప్పు పోయిందా? అతని మీద నుంచి పోయింది, మీ మీదికి వచ్చింది. ఆ యాభై వేలు లేని లోటును ఇకపై మీ ఇల్లు మోస్తుంది. ప్రభుత్వం రైతుల రుణం మాఫీ చేసినప్పుడు కూడా ఖజానా నుంచి బ్యాంకుకు జమ అవుతుంది. మాఫీ అంటే ఎవరూ కట్టకపోవడం కాదు, అప్పుపడినవాడు కట్టకపోవడం.

డబ్బు సంగతే ఇలా ఉంటే, మనసుకు తగిలిన గాయం సంగతి చెప్పనవసరం లేదు. తాగి వచ్చి పదేళ్లు కొట్టిన భర్తను క్షమించిన ఒక తల్లి మా కూటాలకు వచ్చేది. ఆమె క్షమించింది అంటే ఆ పదేళ్లూ ఏమీ జరగలేదని కాదు. వాటిని అతని మీదికి తిరిగి విసరకుండా తనలోనే మింగుకుంది. క్షమించినవారే నష్టాన్ని భరిస్తారు. (ఈ మాట చెప్పి, దెబ్బలు పడుతూ ఉండమని ఏ స్త్రీకీ ఎవరూ బోధించకూడదు. క్షమాపణ వేరు, దౌర్జన్యానికి తలవంచడం వేరు.)

సిలువ మీద జరిగింది, దేవుడు తన క్షమాపణ ఖరీదును బయట పెట్టడం. 'మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను' అని రోమా పత్రిక 5వ అధ్యాయంలో పౌలు రాశాడు. మనం మారిన తరువాత ఆయన ప్రేమించడం మొదలుపెట్టలేదు, ప్రేమించాడు గనుకనే చనిపోయాడు. సిలువ వల్ల దేవుని మనసు మారి మనలను ప్రేమించసాగాడని చెప్పేవారు ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు.

మా పక్కింటివారు అమ్మవారి సంబరానికి మేకను ఇస్తారు. మీ దేవుడు ఏకంగా కొడుకునే బలి అడిగాడా అని అంటున్నారు. ఏమి చెప్పాలి?

ముందుగా, వారి పండుగను చులకన చేసి మాట్లాడకండి. తప్పు జరిగితే ఏదో ఒకటి చెల్లించాలనే వారి భావం లోతైనది, లేవీయకాండం చదివినవారికి కొత్త కాదు.

తేడా ఇచ్చే చేయి ఎవరిదన్న దగ్గర ఉంది. సాధారణంగా మనిషి ఇస్తాడు, దైవం పుచ్చుకుంటుంది. సువార్తలో ఇచ్చినవాడు దేవుడే. కోపంతో ఉన్న తండ్రి ఒకవైపు, అడ్డుపడుతున్న జాలిగల కొడుకు మరొకవైపు ఉన్నట్టు కొన్ని ప్రసంగాలు వర్ణిస్తాయి. అది వినడానికి నాటకీయంగా ఉంటుంది గానీ లేఖనానికి దూరం. దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకొన్నాడని రెండవ కొరింథీ పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదని, తానే పెడుతున్నానని యోహాను సువార్త 10వ అధ్యాయంలో కుమారుడు అన్నాడు. తండ్రి మనసు, కుమారుని మనసు ఒక్కటే. పాపం పట్ల దేవునికి కోపం ఉంది, కాదనలేము. బిడ్డను కాటేసిన పాము మీద తల్లికి కోపం ఉన్నట్టే.

క్రయధనం అన్నారు. దాన్ని ఎవరికి చెల్లించినట్టు? సాతానుకా?

సంఘ చరిత్రలో దీని మీద చాలా వాదం నడిచింది. నాలుగో శతాబ్దంలో నిస్సా పట్టణపు గ్రెగొరీ సాతానుకే చెల్లించినట్టు వివరించాడు. అదే కాలపు నజియాన్జు గ్రెగొరీ, దొంగకు దేవుడు వెల కట్టడమా అని దాన్ని తిరస్కరించాడు. పదకొండో శతాబ్దం చివర కాంటర్బరీ ఆర్చిబిషప్పు అన్సెల్ము, మనిషి దేవునికి చెల్లించవలసిన ఘనతను మనిషిగా వచ్చిన దేవుడే చెల్లించాడని వాదించాడు. పదహారో శతాబ్దపు సంస్కర్తలు దాన్ని న్యాయస్థానపు భాషలోకి మార్చి, మన శిక్షను ఆయన భరించాడని చెప్పారు. మన సంఘాల్లో ఎక్కువగా వినేది ఈ చివరి వివరణనే.

నా అభిప్రాయం అడిగితే నిర్గమకాండం చూడమంటాను. ఇశ్రాయేలీయులను ఐగుప్తు దాస్యం నుంచి విమోచిస్తానని దేవుడు అన్నాడు, విమోచించాడు కూడా. ఫరోకు మాత్రం ఒక్క కాసు కట్టలేదు. కాబట్టి 'వెల' అనే మాట విడిపించినవాడికి ఎంత అయిందో చెబుతుంది, పుచ్చుకున్నవాడి రసీదును చూపించదు. పోలికను చివరి కొస వరకూ లాగితే తెగుతుంది.

విమోచన, రక్షణ, సమాధానం ఒకటేనా?

ఒకే ఇంటికి ఉన్న వేర్వేరు గుమ్మాలు అనుకోండి. విమోచన బానిస మార్కెట్టు మాట, రక్షణ ప్రమాదం నుంచి కాపాడబడినవాడి మాట, సమాధానం విరోధులు కలిసినప్పటి మాట. రోమా 3వ అధ్యాయంలో 'కరుణాధారము' అని మరొకటి ఉంది. అది ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారపు మాట. అందులోని మందసం (నిబంధన పెట్టె) మీది మూత అయిన కరుణాపీఠానికి గ్రీకు పాత నిబంధన వాడిన పదమే అక్కడ మూలంలో ఉంది.

సిలువ అనే మాట తెలుగేనా?

కాదు. సిరియా క్రైస్తవుల 'స్లీవా' దాని మూలం. మలయాళంలో స్లీవ, తమిళంలో శిలువై, మనకు సిలువ. శిలువ అని రాసినా తప్పు లేదు. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీవారు దిగి బైబిలు తెనిగింపుకు పూనుకున్నప్పటి నుంచి మన ప్రాంతపు క్రైస్తవ భాష ఇలాంటి ఎరువు మాటలను, సంస్కృతాన్ని, ఊరి మాటలను కలిపే నడిచింది.

సిలువ మరణం నిజంగా జరిగిందనడానికి బైబిలు బయట ఏదైనా ఆధారం ఉందా?

ఉంది. రెండో శతాబ్దం ఆరంభంలో రాసిన రోమను చరిత్రకారుడు టాసిటస్ క్రైస్తవుల మీద ఏ అభిమానమూ లేనివాడు. తిబెరి చక్రవర్తి కాలంలో పొంతి పిలాతు చేతుల్లో క్రీస్తుకు మరణశిక్ష పడిందని అతను రాశాడు. పిలాతు యూదయను పాలించినది క్రీ.శ. 26 నుంచి 36 వరకు. 1968లో యెరూషలేము దగ్గరి ఒక సమాధిలో, మేకు దిగి ఉన్న మడమ ఎముక దొరికింది. సిలువ వేయబడిన మరో యూదునిది అది. రోమీయులకు ఇది బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. మన మెడల్లో బంగారు సిలువగా వేలాడుతున్నది ఒకప్పటి ఉరికొయ్య వంటిదన్న సంగతి మరవకూడదు.

'నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి' అని సిలువ మీద యేసు అన్నాడు కదా. తండ్రి నిజంగా విడిచిపెట్టేశాడా?

శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు గంటల వరకు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. మొదటి మూడు మాటలు చెప్పేవారు గంటలు మింగేస్తే ఏడో మాటవారికి ఐదు నిమిషాలు మిగలడం మన సంఘాల్లో ఆనవాయితీ. నడిమిదైన ఈ నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది, తాటాకు పందిరి కింద పిల్లలు నిద్రపోతుంటారు.

గ్రీకు మూలంలో ఉన్నది 'విడిచిపెట్టావు' అనే మాట మాత్రమే. 'చెయ్యి' తెలుగు అనువాదకులు చేర్చినది. నాకది గొప్ప అనువాదంగా కనిపిస్తుంది. చెయ్యి విడవడం అంటే మనకు పెళ్లినాడు పట్టిన చేతిని వదలడం, తిరునాళ్లలో బిడ్డ చేతిని వదలడం. అరసవల్లి రథసప్తమి రద్దీలోనో, విజయనగరం సిరిమానోత్సవపు జనంలోనో ఒక్క క్షణం అమ్మ చెయ్యి జారిన పిల్లవాడి ముఖం చూసినవారికి ఆ కేక వివరించనక్కర లేదు.

విడిచిపెట్టాడా అన్న ప్రశ్నకు రెండు సంగతులను కలిపి పట్టుకోవాలి. ఆ మాట 22వ కీర్తన మొదటి వచనం. ఆ కీర్తన కేకతో మొదలై స్తుతితో ముగుస్తుంది. యూదుడైనవాడు ఆ సంగతి ఎరిగే ఆ మాట పలుకుతాడు. అలాగని ఆయనకు నొప్పి లేదనీ, కేవలం వాక్యం వల్లించాడనీ అనడం అన్యాయం. పాపం మనిషిని నెట్టివేసే చివరి చీకటి వరకూ ఆయన వెళ్లాడు. అక్కడ కూడా 'నా దేవా' అన్నాడు. చెయ్యి కనబడని చోట కూడా 'నా' అనే మాటను వదలలేదు. ఆ తరువాత 'సమాప్తమైనది' అని, చివరకు తండ్రి చేతికే ఆత్మను అప్పగించాడు. నాలుగో మాటలో కనబడని చెయ్యి ఏడో మాటలో ఉంది. ఏడో మాటకు ఐదు నిమిషాలే ఇవ్వడం మీద నా అభ్యంతరం అందుకే.

ఉద్దానంలో మా ఇంట్లో ఇద్దరికి కిడ్నీ జబ్బు. ఇది మా పాపానికి శిక్షా? సిలువ వల్ల మాకు ఒరిగిందేమిటి?

శిక్ష కాదు. పుట్టుగుడ్డివాని విషయంలో వీడు పాపం చేశాడా, వీని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కారని ప్రభువు చెప్పాడు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో వందల ఇళ్లను ఈ జబ్బు పట్టింది. దాని కారణం వెతకవలసినది నీటిలో, నేలలో, ఎండలో చేసే చాకిరీలో, వైద్యుల పరిశోధనలో. ప్రార్థన చేయించుకుంటే డయాలసిస్ మానేయవచ్చని ఎవరైనా చెబితే వినకండి.

ఒరిగిందేమిటి అన్నది న్యాయమైన ప్రశ్న. వారానికి రెండు మూడుసార్లు సూది గుచ్చించుకుంటున్న మనిషికి గాయపడని దేవుడు దూరంగా కనిపిస్తాడు. పునరుత్థానం తరువాత కూడా ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు ఉన్నాయి, తోమాకు వాటినే చూపించాడు. మీ పక్కన కూర్చున్నవాడు అవి మోస్తున్నవాడు. ఇంతకు మించి తేలిక మాటలు నా దగ్గర లేవు.

అన్నీ క్షమించబడ్డాయి కదా, ఇక ఎలా బతికినా ఫరవాలేదా?

మన జిల్లాల్లో అప్పు తీరేదాకా కామందు ఇంట కంబారిగా (పాలేరుగా) ఉండిపోయిన తాతలు చాలా కుటుంబాల్లో ఉన్నారు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చి అలాంటి అప్పులను రద్దు చేసింది. విడుదలైనవాడు 'అప్పు పోయింది గనుక హాయిగా మళ్లీ కామందు గుమ్మంలో పడుకుంటాను' అంటే వింతగా ఉంటుంది. రోమా పత్రిక 6వ అధ్యాయంలో పౌలు ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబు ఇలాంటిదే. అయితే పాత అలవాటు ఒక్కరోజులో పోదు. తెల్లవారుజామున కామందు పిలుపు కోసం చెవి నిక్కుతూనే ఉంటుంది. పడిపోయిన ప్రతిసారీ విమోచన రద్దయిందని భయపడనక్కర లేదు.

యేసు పక్కన సిలువ మీద, బాప్తిస్మం లేకుండా చనిపోయిన దొంగకు రక్షణ దొరికిందా?

దొరికింది. ప్రభువే చెప్పాడు. అతనికి నీళ్లలోకి దిగే సమయం లేదు, మనకు ఉంది. అతణ్ణి చూపించి వాయిదా వేయడం సరికాదు.

కతోలికుల సిలువ మీద యేసు ప్రతిమ ఉంటుంది, మన బాప్టిస్టు గుడిలో ఖాళీ సిలువ ఉంటుంది. ఏది సరైనది?

రెండూ. ప్రతిమ ఆయన చనిపోయాడని చెబుతుంది, ఖాళీ సిలువ ఆయన అక్కడ లేడని చెబుతుంది. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం కతోలిక మేత్రాసనంలోని (బిషప్పు పరిధిలోని) గుడులైనా, కెనడా బాప్టిస్టు మిషను నాటిన మన సంఘాలైనా, సాలూరు వైపు లూథరనులైనా శుభ శుక్రవారం చదివేది ఆ నాలుగు సువార్తలనే. దీని మీద వాదులాడుకోవడానికి అంత తీరిక ఉంటే ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే పనికి ముందుగా రండి. అక్కడ ఎప్పుడూ మనుషులు తక్కువే.

గట్టు తగాదా వల్ల మా అన్నదమ్ములకు పన్నెండేళ్లుగా మాటల్లేవు. నేను ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనలో) పాలుపొందవచ్చా?

మత్తయి సువార్త 5వ అధ్యాయం చదవండి. అర్పణను బలిపీఠం ఎదుట విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని ఉంది. తప్పు ఎవరిదో తేల్చుకొని వెళ్లమని లేదు. నీమీద సహోదరునికి ఏదైనా ఉన్నదని జ్ఞాపకం వస్తే వెళ్లమని ఉంది, అంటే కోపం అవతలివాడిదైనా నడవవలసింది మీరే.

గట్టు ఎటు జరిగిందన్నది సర్వేయరు చూసుకుంటాడు, ఆ కాగితాలు ఇంట్లోనే ఉంచండి. వెళ్లినప్పుడు వదినగారు నీళ్లు ఇస్తే పుచ్చుకోండి. ఇవ్వకపోతే అరుగు మీద కాసేపు కూర్చొని రండి. మరుసటి వారం మళ్లీ వెళ్లండి. ఒక్కరే వెళ్లడం కష్టమనిపిస్తే చెప్పండి, నేను కూడా వస్తాను.